తప్పు చూపే దీపం కన్నా ఆరిన దీపం మేలు
(ఆకాశమార్గాల చరిత్రలో ఒక అధ్యాయం)



మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరి శాఖ చరిత్ర వారు కొంత రాస్తే బాగుంటుందని సంపాదకవర్గం వారు కోరారు. నా సర్వీసంతా విమానాశ్రయాల్లో రేడియో పరికరాల దగ్గరే గడిచింది. నేను విమానం నడిపినవాణ్ణి కాదు. నడిపేవారికి దారి చూపే యంత్రాలను రాత్రింబవళ్లు కాపాడినవాణ్ణి. నెలవారీ సమావేశాల్లో కొందరు మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇప్పుడు ఉపగ్రహాలే దారి చూపుతున్నాయి గదా! మీరు కాపాడిన ఆ పాత స్తంభాలతో ఇంకేం పని?" అని. ఈమధ్య మరో ప్రశ్న కూడా వినవస్తోంది. మనలో కొందరి మనవలు, మనవరాళ్లు పైలట్ శిక్షణలో చేరుతున్నారు. "చిన్న విమానంలో పిల్ల ఒక్కతే పోతుందట. ఆ ఉపగ్రహం పనిచేయకపోతే దాని గతేమిటి?" అన్నది పెద్దవాళ్ల ఆందోళన.

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చరిత్రలోనే ఉంది. నాకు తెలిసినంతలో, సాంకేతిక పదాలు వీలైనంత తగ్గించి, వివరిస్తాను.

దిక్సూచి, గడియారం, పటం

మన దేశంలో టాటాల విమాన తపాలా సేవ 1932 అక్టోబర్ 15న మొదలైందని చాలామందికి తెలుసు. ఆ రోజు జె.ఆర్.డి. టాటా ఒంటి ఇంజను పస్ మాత్ విమానంలో కరాచీ నుంచి అహమ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూ మైదానానికి తపాలా సంచులు తెచ్చారు. అక్కడి నుంచి నెవిల్ విన్సెంట్ బళ్లారి మీదుగా మద్రాసు చేర్చారు. ఆ విమానంలో రేడియో లేదు. నేల మీద దారి చెప్పే పరికరమూ లేదు. దిక్సూచి, గడియారం, పటం, రెండు కళ్లు. అంతే సామగ్రి.

పద్ధతి వినడానికి సులువు. ఫలానా ఊరి మీద ఇన్ని గంటలకు ఉన్నాను. ఫలానా దిక్కుకు, గంటకు ఇన్ని మైళ్ల వేగంతో, ఇన్ని నిమిషాలు వచ్చాను. కనుక ఇప్పుడు పటంలో ఇక్కడ ఉండాలి. దీన్నే పైలట్లు డెడ్ రెకనింగ్ అంటారు. దీనికి శత్రువు గాలి. గాలి పక్క నుంచి తోస్తే విమానం ముక్కు ఒకవైపు చూస్తూనే ఒళ్లు మరోవైపు జారుతుంది. అందుకే పైలట్ మధ్యమధ్య కిందికి చూసి నది వంపునో, రైలు పట్టాలనో, చెరువు కట్టనో పటంతో పోల్చుకుని లెక్క సరిచేసుకోవాలి.

ఇందులో ఒక చిట్కా లెక్క నేటికీ పైలట్ శిక్షణలో నేర్పుతారు. 60 మైళ్లు పోయేసరికి ఒక మైలు పక్కకు జరిగితే దిశలో తేడా ఒక డిగ్రీ. ఉదాహరణకు హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్‌కు సరళరేఖలో సుమారు 70 నాటికల్ మైళ్లు. గంటకు 90 నాటికల్ మైళ్లు పోయే చిన్న విమానానికి గాలి లేని రోజున ఇంచుమించు 47 నిమిషాలు పడుతుంది. 20 నిమిషాలకు 30 మైళ్లు వచ్చాక చూస్తే గీతకు రెండు మైళ్లు కుడిపక్కన ఉన్నామనుకోండి. 30 మైళ్లకు రెండు అంటే 60 మైళ్లకు నాలుగు. అంటే తేడా నాలుగు డిగ్రీలు. ఎడమకు ఎనిమిది డిగ్రీలు తిప్పి మరో 20 నిమిషాలు పోతే గీత మీదికి వస్తాం. ఆ పైన ముందటి దిశ కన్నా నాలుగు డిగ్రీలు ఎడమకు పట్టుకుంటే ఆ గాలిలో గీత మీదే నిలుస్తాం. కాగితం, పెన్సిలు కూడా అక్కర్లేని లెక్క ఇది.

నేల మీది దీపాలు

కంటికి నేల కనిపించినంతకాలం ఈ పద్ధతి చాలు. మబ్బులో, రాత్రిలో, సముద్రం మీద చాలదు. 1937 జూలై 2న అమీలియా ఇయర్‌హార్ట్ పసిఫిక్ మహాసముద్రంలో లే పట్నం నుంచి బయలుదేరి హౌలాండ్ అనే చిన్న దీవిని చేరలేక కనుమరుగైంది. అంతకు కొద్ది రోజుల ముందే ఆమె మన కరాచీ, కలకత్తాల మీదుగా ప్రయాణించింది. హౌలాండ్ దగ్గర నిలిచిన ఓడకు ఆమె గొంతు స్పష్టంగానే వినిపించింది. కానీ రేడియో ద్వారా దిక్కు పట్టుకోవడం మాత్రం ఆమెకూ, ఓడకూ కుదరలేదు. రేడియో ఉండటం వేరు, రేడియోతో దారి తెలియడం వేరు అని ఆ దుర్ఘటన లోకానికి తెలియజెప్పింది.

తర్వాతి దశాబ్దాల్లో నేల మీది రేడియో దీపాలు వ్యాపించాయి. మొదటిది ఎన్.డి.బి. ఇది అన్ని దిక్కులకూ ఒకే తరంగాన్ని పంపే స్తంభం. విమానంలోని ముల్లు దానివైపు తిరిగి చూపుతుంది. ఇది చవక, మరమ్మతు సులభం. అయితే ఉరుముల మేఘం దగ్గరికొస్తే ముల్లు స్తంభాన్ని వదిలి మేఘంవైపు తిరుగుతుంది. సంధ్యవేళల్లో, రాత్రిపూట అటూ ఇటూ ఊగుతుంది. రెండోది వి.ఓ.ఆర్. ఇది రెండు సంకేతాలను పంపుతుంది. వాటి మధ్య తేడాను బట్టి, స్తంభానికి ఏ డిగ్రీ గీత మీద ఉన్నామో విమానంలోని పరికరం చెబుతుంది. దానికి జతగా దూరం చెప్పే డి.ఎం.ఇ. ఉంటే, ఒకే చోటి నుంచి దిక్కూ దూరమూ రెండూ తెలుస్తాయి.

మన హైదరాబాద్ విషయానికొస్తే, 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్‌కు బేగంపేట కేంద్రం. 1953లో జాతీయకరణతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. దారిదీపాల బాధ్యత పౌర విమానయాన శాఖది. 1986లో అది నేషనల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకీ, 1995 ఏప్రిల్ 1న ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాకూ మారింది. బోర్డులు మారాయి గాని మా పని మారలేదు.

ఆ పనిలో మాకు మొదటి రోజు నుంచీ నూరిపోసిన సూత్రం ఒకటుంది. ఈ వ్యాసం శీర్షిక అదే. ప్రతి వి.ఓ.ఆర్. పక్కన ఒక మానిటర్ కాపలా ఉంటుంది. స్టేషన్ పంపే దిక్కులో ఒక డిగ్రీకి మించి తేడా వస్తే అది గంట కొట్టి, పనిచేస్తున్న ట్రాన్స్‌మిటర్‌ను ఆపేస్తుంది. రెండోది అందుకోవాలి. రెండోదీ బాగాలేకపోతే స్టేషన్ మూగబోతుంది. ప్రతి స్టేషన్‌కూ మోర్స్ అక్షరాల్లో పేరు ఉంటుంది. పైలట్ ముందు ఆ పేరు చెవితో విని, తర్వాతే ముల్లును నమ్మాలి. మేము మరమ్మతులో ఉన్నప్పుడు ఆ పేరు తీసేసేవాళ్లం. పేరు వినిపించకపోతే నమ్మవద్దని దాని అర్థం.

వానాకాలం రాత్రుల్లో పిడుగుపాటుకు యాంటెన్నా దెబ్బతిని, జనరేటర్ వెలుగులో తడుస్తూ పనిచేసిన సందర్భాలు నాతోటివారికి గుర్తుండే ఉంటాయి. "ఏదో ఒకటి పంపండి, విమానం వచ్చే వేళైంది" అని తొందరపెట్టేవారు అన్నిచోట్లా ఉండేవారు. కొలత సరిపోయేదాకా ఎవరమూ స్విచ్ వేయలేదు. ముల్లు కదలకపోతే పైలట్ వేరే దారి వెతుక్కుంటాడు. ముల్లు అబద్ధం చెబితే నమ్మి కొండవైపు పోతాడు. ఈ తేడా అర్థమైతే నేటి ఉపగ్రహ సమస్య సగం అర్థమైనట్లే.

సూర్యుడు చూపిన దారి

పరికరం మొరాయించినప్పుడు చిన్న విమానం ఎలా బయటపడాలో చెప్పే ఉదంతాల్లో నాకు ఎంతో ఇష్టమైనది 1978 డిసెంబర్‌లో జరిగింది. జే ప్రొచ్‌నౌ అనే మాజీ అమెరికా నౌకాదళ పైలట్ ఒక సెస్నా 188 ను ఆస్ట్రేలియాకు చేరవేస్తున్నాడు. అది పొలాలపై మందు చల్లే ఒంటి ఇంజను విమానం. పసిఫిక్‌లో పాగో పాగో నుంచి నార్ఫోక్ దీవికి ఒంటరిగా వస్తుండగా, బీకన్ దిక్కు చూపే అతని పరికరం చెడిపోయింది. దీవి ఉండాల్సిన చోటికి వచ్చేసరికి చుట్టూ నీళ్లే.

అతని పిలుపు ఆక్లండ్ పోతున్న ఎయిర్ న్యూజీలాండ్ డి.సి.-10 విమానానికి అందింది. దాని కెప్టెన్ గార్డన్ వెటె. ఆయనకు పాతకాలపు నావిగేటర్ విద్య వచ్చు. ఇద్దరూ ముక్కు సూర్యుడివైపు తిప్పి దిక్సూచి చదువుకున్నారు. చేయి చాచి, దిగంతం మీద సూర్యుడు ఎన్ని వేళ్ల ఎత్తున ఉన్నాడో కొలిచి పోల్చుకున్నారు. రేడియో ఎక్కడ వినిపిస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నదాన్ని బట్టి చిన్న విమానం చుట్టూ ఒక వలయం ఊహించారు. చివరికి సూర్యాస్తమయాన్ని గడియారంగా వాడుకున్నారు. చిన్న విమానంలో పొద్దు గుంకిన క్షణానికీ, నార్ఫోక్ దీవిలో గుంకిన క్షణానికీ తేడా ఇరవై రెండున్నర నిమిషాలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అంటే అతను దీవికి తూర్పున సుమారు ఐదున్నర డిగ్రీల దూరంలో, దాదాపు 290 నాటికల్ మైళ్ల అవతల ఉన్నాడన్నమాట. ఆ లెక్కతో అతణ్ణి పడమటికి మళ్లించారు. 22 గంటలకు సరిపడే ఇంధనంతో బయలుదేరిన మనిషి 23 గంటలు దాటాక నార్ఫోక్‌లో క్షేమంగా దిగాడు.

ఇందులో కొత్త యంత్రమేదీ లేదు. గడియారం, సూర్యుడు, చేతివేళ్లు, రేడియోలో అవతల ఒక తెలిసిన మనిషి. విచిత్రమేమంటే, అదే 1978 ఫిబ్రవరిలో అమెరికా తన మొదటి జి.పి.ఎస్. ఉపగ్రహాన్ని పంపింది.

ఆకాశంలో గడియారాలు

జి.పి.ఎస్. అంటే ఆకాశంలో తిరిగే గడియారాలని అనుకుంటే చాలు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ప్రతి ఉపగ్రహమూ "ఇప్పుడు సమయం ఇంత, నేను ఇక్కడ ఉన్నాను" అని చాటుతుంది. ఆ కబురు రావడానికి పట్టిన సమయాన్ని బట్టి రిసీవర్ దూరం లెక్కిస్తుంది. నాలుగు ఉపగ్రహాలు దొరికితే మన స్థానం, ఎత్తు, సమయం తెలుస్తాయి.

ఇది సైన్యం కోసం పుట్టిన ఏర్పాటు. 1983 సెప్టెంబర్ 1న కొరియా విమానం ఒకటి దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోయి కూల్చివేతకు గురైంది. అందులో 269 మంది చనిపోయారు. ఆ తర్వాతే జి.పి.ఎస్.ను పౌర విమానాలకు ఉచితంగా ఇస్తామని అమెరికా ప్రకటించింది. 1995లో వ్యవస్థ పూర్తి స్థాయికి వచ్చింది. పౌరుల కోసం కావాలని కలిపిన తేడాను 2000 మే నెలలో తీసేశారు. గుప్పెడంత పరికరంలో, అనంతరం చేతి ఫోనులో కూడా దారి కనిపించసాగింది. చిన్న విమానాల పైలట్లకు ఇదొక వరమే. ఇంతకుముందు అరగంట లెక్క వేసుకుంటే తెలిసేది ఇప్పుడు ఒక చూపులో తెలుస్తుంది.

మన దేశమూ వెనుకబడలేదు. జి.పి.ఎస్. లెక్కల్లోని తప్పులను సరిదిద్దే గగన్ వ్యవస్థను ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి నిర్మించాయి. 2014 ఫిబ్రవరి నుంచి అది విమానాలకు సేవ అందిస్తోంది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఎ.టి.ఆర్. విమానం గగన్ సాయంతో దిగింది. మన సొంత నావిక్ ఉపగ్రహాలు 2013 జూలై 1 నుంచి శ్రీహరికోట మీదుగానే ఆకాశానికి ఎగిశాయి.

మౌనం, అబద్ధం

ఇక వైఫల్యాల సంగతి. ఉపగ్రహ సంకేతం మన దాకా వచ్చేసరికి ఎంత బలహీనమవుతుందంటే, రిసీవర్ సొంత గురగుర కన్నా అది చిన్నది. అందుకే దాన్ని చెడగొట్టడం తేలిక. వైఫల్యాలను నేను నాలుగు రకాలుగా విడదీస్తాను.

ఒకటి, గడియారం లోపం. 2016 జనవరిలో ఒక పాత జి.పి.ఎస్. ఉపగ్రహాన్ని విరమింపజేసే సందర్భంలో, కొన్ని ఉపగ్రహాలు 13 మైక్రోసెకన్లు తప్పు సమయాన్ని చాటాయి. సెకనులో లక్షో వంతు అని తీసిపారేయకండి. ఆ వ్యవధిలో రేడియో తరంగం దాదాపు నాలుగు కిలోమీటర్లు పోతుంది. అదే ఏడాది మన మొదటి నావిక్ ఉపగ్రహంలోని మూడు అణుగడియారాలూ ఆగిపోయాయి. 2019 జూలైలో యూరప్ వారి గెలీలియో సేవ దాదాపు వారం రోజులు నిలిచిపోయింది.

రెండు, ఆకాశం లోపం. నేలకు వందల కిలోమీటర్ల ఎత్తున అయనోస్ఫియర్ అనే విద్యుత్ పొర ఉంది. భూమధ్యరేఖకు ఇరుపక్కలా అది మరింత చిక్కగా, అస్థిరంగా ఉంటుంది. మన దేశంలో ఎక్కువ భాగం ఆ పట్టీలోనే ఉంది. పొద్దుగూకిన తర్వాత కొన్ని రాత్రుల్లో ఆ పొరలో బుడగల వంటివి లేచి, ఉపగ్రహ సంకేతం నక్షత్రంలా మిణుకుమంటుంది. తిరుపతి దగ్గరి గాదంకి వాతావరణ పరిశోధనాలయం, మన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఈ విషయాల మీద చాలా కాలంగా పనిచేస్తున్నాయి. గగన్ రూపకల్పనలో పెద్ద చిక్కు కూడా ఇదే.

మూడు, మౌనం. దీన్నే జామింగ్ అంటారు. అదే పౌనఃపున్యంలో గోల చేస్తే అసలు గొంతు వినిపించదు. అమెరికాలోని న్యూవార్క్ విమానాశ్రయంలో ఒక పికప్ ట్రక్ డ్రైవర్, తన బండి ఎక్కడుందో యజమానికి తెలియకూడదని చిన్న జామర్ పెట్టుకుని తిరిగాడు. దాంతో అక్కడి విమానాలు దిగే ఉపగ్రహ ఏర్పాటు కలత చెందింది. 2013లో అతనికి 30 వేల డాలర్లకు పైగా జరిమానా వేశారు.

నాలుగు, అబద్ధం. దీన్ని స్పూఫింగ్ అంటారు. అసలు ఉపగ్రహంలాగే మాట్లాడే దొంగ సంకేతం పంపుతారు. రిసీవర్ నమ్మేస్తుంది. తెర మీద ఎర్ర దీపం వెలగదు. పటంలో విమానం బొమ్మ నిశ్చింతగా తప్పుడు చోట కదులుతుంటుంది. మా రోజుల్లో మానిటర్ గంట కొట్టి స్టేషన్‌ను ఆపేదని చెప్పాను గదా! ఇక్కడ ఆపేవాడు లేడు. పౌర జి.పి.ఎస్. సంకేతంలో చెవితో విని గుర్తుపట్టే మోర్స్ పేరు కూడా లేదు. నాలుగింటిలో నాకు భయం కలిగించేది ఇదే.

చిన్న విమానంలో ఏం చేయాలి?

పెద్ద విమానంలో ఉపగ్రహం లేకపోయినా కదలికను బట్టి స్థానం లెక్కకట్టే జడత్వ యంత్రాలు, డి.ఎం.ఇ. లెక్కలు, ఇద్దరు పైలట్లు ఉంటారు. శిక్షణ విమానంలో సాధారణంగా జడత్వ యంత్రం ఉండదు. ఒంటరిగా ఎగిరేవాడికి సలహా చెప్పే పక్కవాడూ ఉండడు. కనుక క్రమశిక్షణే రక్ష. శిక్షకులతో దశాబ్దాల పరిచయంలో విన్నవి, మా వృత్తి నుంచి తెలిసినవి వరుసగా చెబుతున్నాను. మీ ఇంట్లో పైలట్ విద్యార్థి ఉంటే ఈ భాగం చదివించండి. దీన్ని శిక్షకుని మాటకు తోడుగా తీసుకోవాలే గాని బదులుగా కాదు.

మొదట విమానాన్ని నడపాలి. రెక్కలు సమంగా, ఎత్తు, వేగం సరిగా ఉంచాలి. చెడిపోయిన తెర మీద మీటలు నొక్కుతూ తల వంచుకుంటే అసలు ప్రమాదం అక్కడి నుంచే వస్తుంది.

రెండు, గడియారం చూసి సమయం రాసుకోవాలి. పట్టుకున్న దిశను వదలకూడదు. చివరిసారి కచ్చితంగా తెలిసిన చోటును పటంలో గుర్తు పెట్టి, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి. దిక్సూచిని వంపులోనూ, వేగం మారుతున్నప్పుడూ చదవకూడదు. నిటారుగా, నిలకడగా ఎగురుతున్నప్పుడే అది నిజం చెబుతుంది. తిరుగుడు దిశాసూచిని పది, పదిహేను నిమిషాలకోసారి దానితో సరిచూసుకోవాలి.

మూడు, లోపం ఎక్కడో చూడాలి. కరెంటు అందడం లేదా? యాంటెన్నా తీగ ఊడిందా? రెండో పరికరం ఏమంటోంది? స్థానం ఒక్కసారిగా గెంతినా, గడియారం తప్పు చూపినా, నేల వేగం గాలి వేగంతో పొంతన లేకుండా ఉన్నా దొంగ సంకేతమని అనుమానించాలి. కొన్ని రిసీవర్లు ఐదో ఉపగ్రహం సాయంతో తప్పును పసిగడతాయి. ఆరు ఉంటే తప్పు ఉపగ్రహాన్ని వెలివేస్తాయి. కానీ అన్నీ కలిసి ఒకే అబద్ధం చెబితే ఆ తనిఖీ కూడా మోసపోవచ్చు. కనుక ఉపగ్రహంతో సంబంధం లేని మరో సాక్ష్యం కావాలి.

నాలుగు, ఆ సాక్ష్యం నేల మీది దీపం. వి.ఓ.ఆర్. పెట్టి, మోర్స్ పేరు విని, గీత చూసుకోవాలి. రెండు స్టేషన్ల గీతలు పటంలో ఎక్కడ ఖండించుకుంటే మనం అక్కడ.

ఐదు, కంట్రోలర్‌కు చెప్పాలి. పరువు తక్కువని మౌనంగా ఉండకూడదు. ముందే చెబితే రాడార్ ఉన్నచోట దిక్కు ఇస్తారు. ఎవరూ పలకకపోతే 121.5 మెగాహెర్ట్జ్ మీద పిలవాలి. ఆపద అయితే ట్రాన్స్‌పాండర్‌లో 7700 పెట్టాలి. మబ్బు లేకపోతే, అనుమతితో ఎత్తుకు పోవాలి. 1,000 అడుగుల ఎత్తులో రేడియో సుమారు 39 నాటికల్ మైళ్లు అందితే, 4,000 అడుగుల్లో 78 దాకా అందుతుంది. చూపు కూడా దూరం పోతుంది.

ఆరు, నేల మీద పొడవైన గుర్తును వెతకాలి. ఒక ఊరు దొరకడం కష్టం. కృష్ణా నదో, రైలు మార్గమో, తీరమో తప్పిపోవడం కష్టం. ఆ గీతకు కావాలనే ఒక పక్కగా గురిపెట్టి వస్తే, చేరాక ఏ వైపు తిరగాలన్న సందేహం ఉండదు. కంటితో ఎగరడానికి మాత్రమే అర్హత ఉన్నవాడు దారి వెతుక్కుంటూ మబ్బులో దూరకూడదు. ఇంధనం, పగటి వెలుగు మిగిలి ఉండగానే తెలిసిన చోట దిగడం మేలు.

ఏడు, ఉపగ్రహం తిరిగి పలికినంత మాత్రాన వెంటనే నమ్మకూడదు. నేల గుర్తుతోనో, నేల దీపంతోనో సరిపోలితేనే దాన్ని మళ్లీ లెక్కలోకి తీసుకోవాలి.

నేటి పరిస్థితి

2023 సెప్టెంబర్ నుంచి ఇరాక్, ఇరాన్ సరిహద్దుల్లో పౌర విమానాలకు దొంగ సంకేతాలు తగలడం పెద్ద సమస్యగా బయటపడింది. ఆ నవంబర్‌లో మన డి.జి.సి.ఎ. విమానయాన సంస్థలకు సూచనలు జారీ చేసింది. 2023 నవంబర్ నుంచి 2025 ఫిబ్రవరి దాకా మన సరిహద్దు ప్రాంతాల్లో, ఎక్కువగా అమృత్‌సర్, జమ్మూ వైపు, ఇటువంటివి 465 నమోదయ్యాయని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. 2025 నవంబర్‌లో ఢిల్లీ విమానాశ్రయ పరిసరాల్లోనే ఉపగ్రహ ఆధారంగా దిగబోతున్న విమానాలకు ఈ చిక్కు వచ్చింది. ఆ డిసెంబర్‌లో పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం వారైన కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు రాజ్యసభకు ఇచ్చిన జవాబులో, జోక్యం నమోదైన విమానాశ్రయాల పేర్లలో హైదరాబాద్ కూడా ఉంది. నేల పరికరాల ఆధారంగా నడిచిన రన్‌వేలకు ఇబ్బంది కలగలేదనీ, పాత పద్ధతి పరికరాలను కనీస సంఖ్యలో దేశమంతటా నిలుపుతున్నామనీ అదే జవాబు చెబుతోంది.

అమెరికా వారిదీ అదే దారి. వి.ఓ.ఆర్.లను చాలావరకు తగ్గిస్తూనే, ఉపగ్రహం లేని రోజున ఏ విమానమైనా 100 నాటికల్ మైళ్లలోపు దిగగలిగే విమానాశ్రయం ఉండేలా కొన్నింటిని నిలుపుకున్నారు.

ఇక్కడే నా మనవి. స్తంభాన్ని నిలపడం ఒక్కటే చాలదు. దాన్ని కొలిచి, సరిచేసి, అవసరమైతే ధైర్యంగా ఆపే మనిషి కూడా ఉండాలి. విమానంలో దాన్ని వినగల పరికరం ఉండాలి. వాడగల పైలట్ ఉండాలి. ఈ మూడింటిలో ఏది కరువైనా స్తంభం ఇనుప సామానే. ఖర్చు లెక్కలు చూసేవారికి, రోజూ ఎవరూ వాడని యంత్రం దండగలా కనిపిస్తుంది. మన ఇళ్లలో ఇన్వర్టర్ ఉన్నా కిరసనాయిలు లాంతరును, కొవ్వొత్తిని ఎన్నాళ్లో దాచుకున్నవాళ్లం మనం. ఆ ముందుచూపు మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

నేను ఉపగ్రహాలకు వ్యతిరేకిని కాను. మా తరం కలలో కూడా ఊహించని కచ్చితత్వం అవి ఇచ్చాయి. నా మనవి అంతా, పాత విద్య తెలిసినవారు ఇంకా మన మధ్య ఉండగానే దాన్ని పిల్లలకు అందించాలన్నదే. మన సంఘంలో రేడియో, కంట్రోల్ టవర్, వాతావరణ విభాగాల్లో పనిచేసినవారు ఉన్నారు. శిక్షణ సంస్థలు పిలిస్తే నెలకొక గంట పోయి చెప్పడానికి నేను సిద్ధం. మిత్రులెవరైనా కలిసివస్తే పేరు కార్యదర్శి గారికి ఇవ్వగలరు.

పైలట్ శిక్షణకు వెళ్తున్న మనవరాలు ఇంటికి వచ్చినప్పుడు, ఎంత ఎత్తు ఎగిరావని అడుగుతూనే మరో మాట అడగండి. "తెర ఆపేసి ఎన్ని మైళ్లు వచ్చావమ్మా?" అని. ఆమె పటం తెచ్చి నది వంపు మీద వేలు పెట్టి చూపిస్తే, మీరు నిశ్చింతగా ఉండవచ్చు.